గొంతు కంపెనీది

దిల్‌సుఖ్‌నగర్‌ల ఆ కొత్త మాల్ ఓపెన్ అయినప్పుడు రేడియో గలగల వాళ్లు గ్రౌండ్ ఫ్లోర్‌ల అద్దాల స్టూడియో పెట్టిండ్రు. మూడు దిక్కుల అద్దమే. లోపల ఆర్‌జే మాట్లాడుతుంటే బయట జనం ఐస్‌క్రీం తినుకుంట చూస్తరు. బయట స్పీకర్లు కూడ ఉంటయి, లోపల చిన్నగ దగ్గినా మాల్ మొత్తం వినపడ్తది.

"జూలో కోతుల్లాగా ఉన్నాం," అనేటోడు పట్టాభి, "ఒకటే తేడా, కోతులది పర్మనెంట్ జాబ్."

పొద్దున షో సౌజన్యది, సాయంత్రం షో పట్టాభిది. గది ఒకటే, కుర్చీ ఒకటే, హెడ్‌ఫోన్ ఒకటే. సౌజన్య దిగినంక పట్టాభి ఆ హెడ్‌ఫోన్‌ను కర్చీఫ్‌తోని తుడిచి పెట్టుకుంటడు, ఆమె ఇంకా గదిల ఉన్నప్పుడే తుడుస్తడు, చూడాలనే తుడుస్తడు. సౌజన్య ఊకుంటదా, పొయ్యేముందు కుర్చీ హైటు మొత్తం కిందికి దించి పోతది. ఆయన పొడుగు మనిషి, కూసోంగనే మోకాళ్లు గడ్డానికి తాకుతయి.

వాళ్లకు అంత పడకపోవడానికి కారణం ఒక యాడ్. సౌజన్య కొత్తగ చేరినప్పుడు ఒక బట్టల సబ్బు యాడ్‌ల పనిమనిషి గొంతు కావాలన్నరు. "సౌజన్య ఉంది కదా, యాస పెట్టక్కర్లేదు, పుట్టుకతోనే ఉంది," అన్నడు పట్టాభి. అందరు నవ్విండ్రు. ఆమె ఆ యాడ్ చేసింది, మస్తు హిట్టయింది గూడ, కని ఆ మాట మాత్రం పోలేదు. ఎల్బీ నగర్‌ల పెరిగింది, ఇంగ్లీష్ మీడియం చదివింది, డిగ్రీ చేసింది, ఇగ యాస అంటే పనిమనిషా? పట్టాభిది తెనాలి, అప్పటిసంది ఆయన్ని "తెనాలి గారూ" అని పిలుస్తది, అందరి ముంగట, గారు మీద మస్తు జోరుతోని.

వాళ్లిద్దరి మీద ప్రోగ్రామింగ్ హెడ్ స్వర్ణలత మేడం. సరూర్‌నగర్ పాత ఊరోళ్లు. వాళ్ల నాయిన తరం దాకా వ్యవసాయమే, తర్వాత పొలాలన్నీ ప్లాట్లయినయి. మేడం మాట వింటే మాత్రం ఏ ఊరో పట్టుకోలేం. రేడియోల చేరినంక కూసొని ప్రాక్టీస్ చేసి ఊరు పేరు మాటలకెళ్లి కడిగేసుకుంది.

ఆగస్టుల మేడం ఇద్దర్ని అదే అద్దాల గదిల నిలబెట్టి, పాట వేసి, స్పీకర్ బంద్ చేసి చెప్పింది. "ముంబై నుంచి క్లియర్‌గా చెప్పేశారు. హైదరాబాద్‌కి ఒక్క ఆర్‌జే చాలు. మార్నింగ్, ఈవెనింగ్ రెండూ ఒకరే చేస్తారు."

"ఒకరంటే ఎవరండీ?" అన్నడు పట్టాభి.

"అది నేను చెప్పను. మీ పనే చెప్తుంది."

"అంటే కోడిపుంజుల్లా కొట్టుకోమంటారు."

"కోడిపందేలు మీ సైడ్ పట్టాభీ. ఇక్కడ పర్ఫార్మెన్స్ అంటాం."

సౌజన్య ఫక్కున నవ్వింది. నవ్వినంక తెలిసింది, ఆ జోక్ తన మీద కూడ అని. కని అప్పటికే పట్టాభి ఆమె దిక్కు చూసిండు. ఆ చూపు తోని కుర్చీ హైటు లెక్కలన్నీ చిన్నగయినయి.

*

సెప్టెంబర్‌ల ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె షురువయింది. స్కూళ్లు బంద్, ఆఫీసులు బంద్, తర్వాత ఆర్టీసీ వాళ్లు గూడ దిగిండ్రు. సౌజన్య వాళ్ల నాయిన జానయ్య సిటీ బస్సు కండక్టర్. టికెట్ల మిషను డిపోల ఒప్పజెప్పి ఒచ్చి, ఎల్బీ నగర్ చౌరస్తా పక్కన టెంట్ల కూసున్నడు. పొద్దున పోవుడు, పాటలు పాడుడు, పొద్దుగూకినంక గొంతు పోగొట్టుకోని ఇంటికొచ్చుడు. జీతం రాదు, ఎప్పుడొస్తదో తెల్వదు. ఇంటి కిరాయి, తమ్ముని కాలేజీ, అన్నిటికి ఇప్పుడు సౌజన్య జీతమే.

"నువ్వు ఫికర్ చెయ్యకు నాయినా, నా జాబుంది," అన్నది.

"నీ జాబుందనే కద బిడ్డా కూసున్న," అన్నడు జానయ్య. ఆయన మామూలుగనే అన్నడు, కని ఆ మాట ఆమె మెడకు పడ్డది.

రేడియోల మాత్రం సమ్మె లేదు. ప్రైవేట్ ఎఫ్ఎంల వార్తలు చెప్పొద్దు, రూలు. బంద్ అనొద్దు, రాస్తారోకో అనొద్దు. చైతన్యపురి కాడ టైర్లు కాలుతుంటే, గా పొగ మాల్ డోర్ల నుంచి లోపలికి ఒస్తుంటే, సౌజన్య మైకుల "ఆ రూట్ల ట్రాఫిక్ జర స్లో ఉంది ఫ్రెండ్స్, వేరే రోడ్డు చూస్కోండి" అని నవ్వాలె. వినేటోళ్లకు సమజయ్యేది. ఆమె "జర స్లో" అంటే లొల్లి, "మస్తు స్లో" అంటే పోకుండ్రి. ఏ రోజుకారోజు కిటికీల నుంచి చూసి, నాయినకు ఫోన్ చేసి, ఆటోవాళ్లను అడిగి చెప్పేది. గందుకే ఆమె షో అంటే కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్బీ నగర్ పడిచస్తుండె.

అట్లాంటి టైమ్‌ల మేడం ఇంకో పని పెట్టింది. "బస్సుల్లేవు, రోడ్లు ఎప్పుడు మూస్తారో తెలీదు. మీరు రాలేని రోజు ఏంటి పరిస్థితి? ఇద్దరూ ఎవర్‌గ్రీన్ లింకులు రికార్డు చేసి పెట్టండి."

లింకు అంటే పాటకు పాటకు మధ్యల ఆర్‌జే మాట్లాడే ముచ్చట. ఎవర్‌గ్రీన్ అంటే దాంట్ల తారీఖు ఉండొద్దు, వారం ఉండొద్దు, వాన, ఎండ, క్రికెట్, పండగ ఏదీ ఉండొద్దు. ఇయ్యాల వేసినా, వచ్చే ఏడాది వేసినా పాచివాసన రావొద్దు.

"ఎన్ని మేడం?" అన్నది సౌజన్య.

"ఎన్నైతే అన్ని. ఎవరు సీరియస్‌గా ఉన్నారో నాకూ తెలుస్తుంది."

ఇగ చాలు కద. సౌజన్య ఆ సాయంత్రమే బుక్కు తీసుకొని కూసుంది. ఇంట్ల రాసింది, ఆటోల రాసింది. షో అయిపోంగనే మాల్ పైఫ్లోర్‌ల ఉన్న చిన్న రికార్డింగ్ రూంల దూరేది.

అక్కడికే ఒచ్చిండు పట్టాభి. డోర్ సగం తీసి నిలబడ్డడు. లోపలికి రాలేదు.

"ఎన్ని చేశావ్?"

"మీకెందుకు తెనాలి గారూ? మీరెన్ని చేసిండ్రు?"

"చూడు, ఒక్క మాట చెప్తా, తర్వాత నీ ఇష్టం. ప్రతి లింకులోనూ ఏదో ఒకటి ఇరికించు. వాన పడుతోందను. బతుకమ్మ వస్తోందను. నిన్నటి మ్యాచ్ గురించి ఒక ముక్క వెయ్యి. ఒక వారం దాటితే పనికిరాకుండా చెయ్యి."

"ఎందుకు?"

"వైజాగ్‌లో ఇంతకుముందు నేను పనిచేసిన స్టేషన్లో ఇదే అడిగారు. చేసిచ్చాం. ఆ తర్వాత మేం అక్కర్లేకుండా పోయాం."

సౌజన్య ఆయన మొఖం చూసింది. ఈయన ఎన్నడన్న తనకు మంచి చెప్పిండా? హెడ్‌ఫోన్ తుడిచే మనిషి, పనిమనిషి గొంతు అన్న మనిషి, ఇప్పుడు ఒక్క జాబు కోసం ఇద్దరు కొట్టుకుంటుంటే వచ్చి, నీ పని ఖరాబ్ చేస్కో అని సలహా ఇస్తుండు. తను వాన గీన అని గలీజు లింకులు ఇస్తది, మేడం తిడ్తది, ఈయన సైలెంట్‌గ క్లీన్ లింకులు ఇచ్చి జాబు కొట్టేస్తడు. చిన్న పిల్లగాళ్లక్కూడ సమజయ్యే ప్లాను.

"బయట రోడ్డు మీద ఏం నడుస్తుందో తెలుసా మీకు?" అన్నది. "మా ఉద్యోగాలు మాకు కావాలని జనం నడిరోడ్డు మీద వంటలు చేసుకుంటున్నరు. మీరు ఇక్కడికొచ్చి నా ఉద్యోగం నాకు లేకుంట చేసే ఉపాయం చెప్తున్నరు."

"నేను మంచికే చెప్పాను."

"మీ మంచి మీ తెనాలిలనే పెట్టుకోండి."

పట్టాభి డోర్ హ్యాండిల్ పట్టుకున్నడు. "సరే తల్లీ," అన్నడు, "కుర్చీ కూడా నువ్వే ఉంచుకో." డోర్ వేసుకొని పోయిండు.

ఆమె ఇంక కసితోని రికార్డు చేసింది. నిజంగ మంచిగ చేసింది, అందుల డౌట్ లేదు. నవ్వు లింకులు, ఏడుపు లింకులు, అత్త మీద, ఆటో మీద, ఉప్పు ఎక్కువైన కూర మీద. బస్సుల మీద అయితే ఎన్నో. కండక్టర్ బిడ్డ కద, ఫుట్‌బోర్డు ముచ్చట్లు, చిల్లర లొల్లి, లేడీస్ సీట్ల కూసున్న తాత, అన్నీ ఇంట్ల విన్నయే. "విండో సీటు దొరికిందా? మరింకేంది, ఇయ్యాల రాజు మీరే." ఎక్కడ తారీఖు లేదు, ఎక్కడ వాన లేదు. మేడం విని, మొదటిసారి, వీపు మీద తట్టింది.

పట్టాభి లింకులు సౌజన్య గూడ విన్నది. ప్రతి దాంట్ల వాన పడుతుంది, నిన్నటి మ్యాచ్ ఉన్నది, ఎదురు షాపుల దసరా సేల్ ఉన్నది. మేడం ఆయన్ని అద్దాల గదిలకు పిలిచి తిట్టింది. స్పీకర్ బందుండె, బయటికి ఏం వినపడలేదు, కని అద్దం కద, అందరు చూసిండ్రు. పొడుగు మనిషి తల వంచుకొని నిలబడ్డడు. సౌజన్య లిఫ్టు కాడ నిలబడి చూసింది. పాపం అనిపించలేదు. మరి నిజంగనే గలీజు లింకులు ఇచ్చిండు, తనను ముంచే ప్లాను అయితే ఆయన గూడ గవే ఎందుకు ఇస్తడు అనే ప్రశ్న ఒక్కసారి ఒచ్చింది. దాన్ని పక్కకు నూకింది. గెలిచేటప్పుడు గిసుంటి ప్రశ్నలు ఎవరికి కావాలె.

పట్టాభి అదే వారం పోయిండు. సహకరించట్లేదని రాసి పంపించిండ్రంట. పోయేముందు అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చిండు, సౌజన్యకు ఇయ్యలేదు.

*

దసరా పోయినంక ఒక పొద్దున సౌజన్య మాల్‌కు ఒచ్చి కార్డు గీకితే స్టూడియో డోర్ తెరుచుకోలేదు. మళ్ల గీకింది. ఎర్ర లైటు. లోపల ఎవ్వరు లేరు. కంప్యూటర్ స్క్రీన్ మీద పాటల పేర్లు మాత్రం వాటంతటవే పైకి జరుగుతున్నయి. నెత్తి మీది స్పీకర్ల నుంచి ఆమె గొంతు ఒస్తుంది.

"హాయ్ హాయ్ హాయ్, నేను మీ సౌజూ. పొద్దున్నే ఆ మొఖమేంది? జర నవ్వుండ్రి."

ఆమె అద్దం మీద చెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డది. తర్వాత పైఫ్లోర్‌కు ఉరికింది.

మేడం ల్యాప్‌టాప్ మీదికెళ్లి తల ఎత్తలేదు. "కూర్చో. నేనే ఫోన్ చేద్దామనుకున్నా."

"నా కార్డు పని చేస్తలేదు."

"కాంట్రాక్ట్ రెన్యూ చేయట్లేదు సౌజన్యా. ముంబై డెసిషన్."

"ఒక్కరు ఉంటరన్నరు కద? పట్టాభిని తీసేసిండ్రు. ఉన్నది నేనే కద?"

"ఒక్కరే ఉన్నారుగా. వినట్లేదా?" మేడం చెయ్యి పైకి చూపించింది. ఆ రూంల గూడ చిన్న స్పీకర్ ఉండె. అందుల సౌజూ ఉప్పు ఎక్కువైన కూర గురించి చెప్తుంది.

"అవి నేను రాని రోజుల కోసం చేసినయి మేడం."

"ఇప్పుడు నువ్వు రాని రోజులేగా."

"నా గొంతు నాకియ్యండి. తీసేయండి అవన్నీ."

"గొంతు నీదే, తీసుకుపో. రికార్డింగ్ కంపెనీది. సైన్ చేసినప్పుడు చదవలేదా?"

"మేడం, మా నాయిన సమ్మెల ఉన్నడు. ఇంట్ల నా జీతం ఒక్కటే. ఇంతమంది మన ఉద్యోగాలు మనకు కావాలని కొట్లాడుతుంటే, మీరు ఇక్కడోళ్లయి ఉండి..."

అప్పుడు ల్యాప్‌టాప్ మూసింది స్వర్ణలత. కడిగేసిన ఊరు మొత్తం ఒక్కసారి నోట్లకు ఒచ్చింది. "ఏం ఇక్కడోళ్లే పిల్లా? నాకు సుత ముంబై నుంచి ఫోనొస్తది, రేపు నా కార్డు గూడ పని జెయ్యకపోవచ్చు. నా తోని ఇక్కడోళ్లు అక్కడోళ్లు అని ముచ్చట వెట్టకు. లే, పో."

సౌజన్య లేచింది. డోర్ కాడికి పోయేదాక స్పీకర్ల సౌజూ నవ్వుతనే ఉంది.

*

ఇంట్ల చెప్పలేదు. రోజూ పొద్దున తయారై బయటికి పోయేది, కొత్తపేట రైతు బజార్ దాక నడిచి, అట్లనే సరూర్‌నగర్ చెరువు కట్ట దాక నడిచి, మళ్ల ఒచ్చేది. అయితే ఎక్కడికి పోయినా ఆమెనే ఉంది. పాన్ డబ్బాల ఉంది, సెలూన్ల ఉంది, సెవెన్ సీటర్ ఆటోల డ్రైవర్ నెత్తి మీద ఉంది. నాయిన గూడ రేడియో వింటడు, బిడ్డ షో నడుస్తుంది కద అని ఖుషీగ ఉన్నడు. చెప్పకుంట ఎన్ని రోజులైనా నడిచేదేమో.

కని ఆ బస్సు లింకులు షురువయినయి.

బస్సు ఒక్కటి తిరుగుతలేదు. పల్లెలకెళ్లి ఒచ్చేటోళ్లు ఎల్బీ నగర్ కాడ దిగడానికి లారీలెక్కి ఒస్తున్నరు, ఆటోవాడు అడిగినంత ఇస్తున్నరు. టెంట్ల కండక్టర్లు, డ్రైవర్లు జీతాలు లేక కూసున్నరు. పక్క టీ కొట్టుల రేడియో పెట్టిండ్రు. అందుల సౌజూ అంటుంది, "విండో సీటు దొరికిందా? మరింకేంది, ఇయ్యాల రాజు మీరే."

ఒకసారి నవ్విండ్రంట. రెండోసారి ఒకాయన లేచిండంట. "ఏం జానయ్యా, నీ బిడ్డకు బస్సు యాడ దొరికింది? మాక్కూడ చెప్పమను, ఎక్కుతం."

ఇంకొకాయన, "ఆమెకేందిరా, ఏసీల కూసుంటది. నాయిన రోడ్డు మీద కూసుంటే బిడ్డ మనల్ని ఎక్కిరిస్తది."

జానయ్య ఇంటికొచ్చి చెప్పులు గూడ ఇడవలేదు. "ఏంది బిడ్డా గిది? తెలిసే అంటున్నవా? మా మీదనేనా జోకులు?"

"నేను అంటలేను నాయినా."

"నీ గొంతు నాకు తెల్వదా?"

"గొంతు నాదే. అంటున్నది నేను కాదు. నన్ను తీసేసిండ్రు. ఎప్పుడో చేసినయి, మిషన్ల పెట్టి తిప్పుతున్నరు."

జానయ్యకు సమజ్ కాలేదు. తీసేసినోళ్లు గొంతు ఎట్ల వాడ్తరు? డిపోల మిషను ఒప్పజెప్పి ఒస్తే టికెట్లు వాటంతటవే కొడ్తయా? రెండు మూడు సార్లు అడిగిండు. తర్వాత అడగడం బంద్ చేసి, గోడకు ఒరిగి కూసున్నడు. "రేపు టెంట్ల ఏమని చెప్పాలె," అన్నడు. కోపం తోని కాదు. అదే ఆమెకు ఎక్కువ తగిలింది.

ఆ మర్నాడు ఆమె పట్టాభికి ఫోన్ చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే సక్కగ తెల్వదు.

"చెప్పండి సౌజన్య గారూ," అన్నడు. గారు మీద మస్తు జోరు పెట్టిండు. వెనక మైకుల ఎవరో చీరల సేల్ అని అరుస్తుండ్రు.

"మీరు చెప్పింది నిజమే అయింది."

"తెలుసు, రోజూ వింటున్నా. బాగా చేశావ్, ఎక్కడా వాన లేదు."

"ఏమన్న చెయ్యొచ్చా?"

"నువ్వూ నేనూ చెయ్యాల్సిన రోజు ఒకటుండేది. ఆ రోజు నా మాట నీకు తెనాలి మాటలా వినబడింది. ఇప్పుడు నన్ను షాపు వాడు పిలుస్తున్నాడు, చీరలమ్మాలి." పెట్టేసిండు.

*

స్వర్ణలత ఫోన్ ఆ తర్వాత ఒచ్చింది. గొంతు మెత్తగుంది, మళ్ల ఊరు లేని తెలుగే.

"సౌజన్యా, బిజీనా? చిన్న ప్రాబ్లం. మాల్‌లో జనం స్టూడియో దగ్గర గుమిగూడుతున్నారు. లోపల ఖాళీ, బయట నీ గొంతు. దయ్యం స్టూడియో అంటున్నారు. ఎవడో ఫోటో తీసి ఇంటర్నెట్లో పెట్టాడు. ఆర్టీసీ వాళ్లు కొందరు నిన్న వచ్చి, ఆ అమ్మాయిని బయటికి పిలవండి అని గొడవ. మాల్ వాళ్లు మా మీద పడుతున్నారు. అద్దాలకేమన్నా అయితే ఎవరిది బాధ్యత అని."

"నేనేం చెయ్యాలె?"

"వచ్చి కూర్చో. అంతే."

"షో చెయ్యాలా?"

"షో నడుస్తూనే ఉంటుందమ్మా. మైక్ ఆన్ ఉండదు. నువ్వు హెడ్‌ఫోన్ పెట్టుకుని, నీ లింకు వచ్చినప్పుడు పెదాలు కలుపు. నీవే కదా, నీకు కంఠతా వచ్చు. అది సాఫీగా జరిగితే ముంబైతో మాట్లాడి కాంట్రాక్ట్ మళ్లీ వేయిస్తా. ఇది నేను నీకోసం చేస్తున్నా."

ఇంటి ఓనర్ పొద్దున ఒచ్చి పోయిండు. తమ్ముడు కాలేజీకి పోతలేడు, బంద్ అని కాదు, ఫీజు కట్టక.

"ఒస్త మేడం," అన్నది.

ఆ రోజు మాల్‌ల కరెంటు కోత, జనరేటర్ మీద నడుస్తుంది. ఏసీ లేదు, అద్దాల గదిల ఉక్క. ఆమె లోపలికి రాంగనే బయట ఉన్నోళ్లు తిరిగిండ్రు. కాలేజీ పోరగాళ్లు, సంచులు పట్టుకున్న ఆడోళ్లు, కొందరు ఖాకీ అంగీలోళ్లు. వాళ్లల్ల ఆమె నాయిన లేడు, అదొక్కటి నయం అనుకుంది. వాళ్లు ఏమో అరుస్తున్నరు, అద్దంల నుంచి నోళ్లు మాత్రం కనపడుతున్నయి.

హెడ్‌ఫోన్ పెట్టుకుంది. చెవిల మేడం. పైన రూంల కూసొని టాక్‌బ్యాక్‌ల మాట్లాడుతుంది. "గుడ్. నవ్వు. పాట అయిపోతుంది, నెక్స్ట్ అత్తగారి లింకు. రెడీ."

లింకు పడ్డది. సౌజన్య పెదాలు కలిపింది. నిజంగనే కంఠతా ఒచ్చు. ఎక్కడ ఆగాల్నో, ఎక్కడ గుటక మింగాల్నో అన్నీ. బయట ఒక పోరడు చేతులూపిండు, ఆమె గూడ ఊపింది. ఒక ఆడామె బిడ్డను ఎత్తుకొని చూపించింది. ఖాకీ అంగీలోళ్లు జర తగ్గిండ్రు. లోపల మనిషుంది, అంతే కద వాళ్లకు కావాల్సింది, తిట్టడానికైనా పొగడడానికైనా మనిషుండాలె.

"పర్ఫెక్ట్," అన్నది మేడం. "ఇంత ఈజీ అని తెలిస్తే నేనే ముందే పిలిచేదాన్ని."

ఇంకో లింకు, ఇంకోటి. సౌజన్యకు ఒక్కటే ఆలోచన ఒస్తుంది. రేపు గూడ ఇట్లనే. ఎల్లుండి గూడ. తను రోజూ పొద్దున ఒచ్చి, తన గొంతు ఎనకాల ఉరికి ఉరికి, దానితోని పెదాలు కలపాలె. అది అలసిపోదు, దానికి జలుబు చెయ్యదు, దాని నాయిన రోడ్డు మీద లేడు. ఈ కుర్చీల కూసోవడానికి పెదాలుంటే చాలు. పెదాలు ఇంకెవలివైనా చాలు.

అప్పుడు ఖాకీ అంగీల ఒక పెద్దాయన అద్దం కాడికి ఒచ్చి నిలబడ్డడు. గట్టిగ కొట్టలేదు, వేలితోని టక్ టక్ అన్నడు. నోటితోని మెల్లగ, ఆమెకు సమజయ్యేటట్టు అడిగిండు. "సమ్మె గురించి ఒక్క మాట చెప్పు బిడ్డా."

ఆమె మైకు దిక్కు చూసింది. దాని మీద లైటు లేదు.

చెవిల, "అటు చూడకు. బస్సు లింకు వస్తుంది, నవ్వు, నవ్వు."

సౌజన్య హెడ్‌ఫోన్ తీసింది. టేబుల్ మీద పెట్టింది. స్పీకర్ల ఆమె గొంతు లేడీస్ సీట్ల కూసున్న తాత గురించి షురు చేసింది. ఆమె బ్యాగుల నుంచి నీళ్ల బాటిల్ తీసి, మూత తిప్పి, ఎత్తి తాగడం మొదలుపెట్టింది. మెల్లగ తాగింది. గొంతుల గుటకలు పోతున్నది అందరికి కనపడేటట్టు తాగింది. స్పీకర్ల సౌజూ మాట్లాడుతనే ఉంది, జోకేసింది, తన జోక్‌కు తనే కిలకిల నవ్వింది.

చేతులూపిన పోరడు చెయ్యి దించిండు. ఆడామె స్పీకర్ దిక్కు చూసింది, సౌజన్య దిక్కు చూసింది, మళ్ల స్పీకర్ దిక్కు చూసింది. ఎవరో నవ్విండ్రు. తర్వాత నవ్వు బంద్ అయింది. ఒకరెనుక ఒకరు ఫోన్లు పైకి లేపిండ్రు.

బాటిల్ ఖాళీ అయింది. ఆమె నోరు తుడుచుకొని, మూసి, చేతులు కట్టుకొని, వాళ్ల దిక్కే చూస్కుంట కూసుంది. లింకు ఇంకా నడుస్తుంది.

మేడం మెట్ల మీదికెళ్లి ఉరికొస్తుంది, చెప్పు ఒకటి జారింది గూడ. డోర్ తీసి ముందు లైటు బంద్ చేసింది, ఎందుకు చేసిందో, జనానికి కనపడొద్దనేమో. "నీకు బుద్ధుందా? ఇక ఏ స్టేషన్‌లోనూ నీకు పని దొరకదు, దొరకనివ్వను."

"దొరికినా ఇట్లాంటిదే కద మేడం," అన్నది సౌజన్య. "మీరు కూసోండి. ఉక్క ఉంటది జర."

బయటికి రాంగనే జనం దారి ఇచ్చిండ్రు, ఇస్తనే తిట్టిండ్రు గూడ. ఒకడు మోసం అన్నడు, ఒకామె ఇన్ని రోజులు మిషన్‌నా మేము విన్నది అన్నది, ఎవరో వెనకకెళ్లి ఆమె చున్నీ గుంజిండ్రు. వేలితోని కొట్టిన పెద్దాయన ముందుకొచ్చి వాళ్లను పక్కకు నూకిండు. ఆమె మొఖం చూడలేదు, స్పీకర్ దిక్కే చూస్తుండు.

"గట్లయితే గిది ఆపేదెట్ల బిడ్డా?" అన్నడు.

"నాకు తెల్వదు పెద్దనాయినా," అన్నది, "నన్నైతే ఆపిండ్రు."

ఇద్దరు మాల్ మెట్లు దిగి రోడ్డు మీదికి ఒచ్చిండ్రు. బస్సుల్లేవు, ఆటోలు గూడ ఆ టైముకు బంద్ అయినయి. ఎల్బీ నగర్ టెంటు దాక నడవాలె. ముందు ఆయన నడిచిండు, వెనక ఆమె. టెంట్ల మైకు ఎవరి దగ్గర ఉందో, ఇస్తరో ఇయ్యరో, నాయిన ఏమంటడో, ఏదీ ఆయన్ని అడగలేదు ఆమె.